క్రొత్తవానికి చోటు మార్చుట



గడచిన మాసమున మేము వానకాలపు త్రాగునీటిని గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున ఫుట్‌బాలాటను గూర్చి వ్రాయబోవుచున్నామని చెప్పినచో మీలో కొందరు నవ్వుదురు. కొందరు పుట త్రిప్పివేయుదురు. నవ్వినను సరియే గాని పుట మాత్రము త్రిప్పకుడు. ఆట మగపిల్లలదే యని తోచినను, దానివలన మా యింట పుట్టిన ప్రశ్న ప్రతి యింటను పుట్టునదే. ఆ ప్రశ్నకు మేము మొదట చెప్పిన జవాబు తప్పు. ఆ తప్పును దాచుకొనక మీ ముందుంచుటయే ఈ నెల మా పని.

మా కాపురము కర్నూలున. మా యింటివారు బడిపంతులు. ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. మాకిద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, పదునారేండ్లది. ఈ యేటనే ఇంటర్మీడియెటులో చేరినది. చిన్నవాడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. వానికి ఆదివారమునాడు ఒక్క గంటసేపు కంప్యూటరుపై ఫుట్‌బాలు వీడియో గేము ఆడుకొనుటకు అనుమతి కలదు. గంట దాటినచో మేమే మీట ఆర్పివేయుదుము. ఈ సంగతి వానికిని తెలియును గనుక ఈ విషయమై మా యింట రచ్చ లేదు.

ఒక ఆదివారము మేము వసారాలో కొర్రలు చెరుగుచుండగా వాడు వచ్చి ప్రక్కన కూర్చుండి, "అమ్మా, ఒక సంగతి అడుగుతా. కోప్పడొద్దు" అనెను. అడుగుమంటిమి.

"మా జట్టులోకి ఒక కొత్త పిల్లోడు వచ్చినాడు. పదిహేడేండ్లు. కుడిపక్క ముందర ఆడతాడు. గాలి మాదిరి ఉరుకుతాడు గానీ గోలు కొట్టమంటే కొట్టలేడు. మాకు వెనకాల కుడిపక్క కాసేవాడు లేడు. వీణ్ణి వెనక్కి మార్చేదా, ముందరనే ఉంచేదా?"

ఆట నెరుగని సోదరీమణుల కొరకు రెండు మాటలు చెప్పవలెను. ఫుట్‌బాలున జట్టునకు 11 మంది. ఒకడు గోలు వాకిట నిలిచి కాచును. ఆ వాకిటి ముంగిట వాడొక్కడే బంతిని చేతులతో పట్టవచ్చును. వాని ముందు కొందరు అడ్డుగోడవలె నిలుతురు, వీరిని బ్యాకులందురు. నడుమ కొందరు, ముందు కొందరు. ముందువరుసలో ప్రక్కలనుండి దూసికొనిపోవువానిని వింగరందురు. ఇదంతయు పెండ్లివంట వంటిది. పొయ్యికడ గరిటె పట్టువాడొకడు, సరుకు అందించువాడొకడు, పంక్తిలో వడ్డించువాడొకడు. వడ్డించువాడు ఎంత చురుకైనవాడైనను వానిని ఉన్నట్టుండి పొయ్యికడ నిలిపిన చారు పొంగును, అన్నము మాడును. అయినను ఒక్కొక్కప్పుడు వడ్డించుచున్నవానిలోనే గొప్ప వంటవాడు దాగియుండును. అది ఎట్లు తెలియును? మా వాని ప్రశ్న ఇదియే.

ఈ వీడియో ఆటలో మా వాడు ఆటగాడు మాత్రమే కాదు. జట్టును నడపు మేనేజరు కూడ. ఎవనిని తీసికొనవలెను, ఎవని నెక్కడ నిలుపవలెను, ఎవనికి ఏమి నేర్పవలెను అను నిర్ణయములన్నియు వానివే. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క నేర్పునకు ఇంత యని సంఖ్యలుండును. మా వాడు మమ్ము కంప్యూటరు ముందునకు పిలిచికొనిపోయి ఆ క్రొత్తవాని పట్టిక చూపెను. వేగము 84. గోలు కొట్టు నేర్పు 52. ఎదిరివాని కాలినుండి బంతి లాగుకొను నేర్పు 41. అన్నియు కలిపి కట్టిన విలువ, వింగరుగా 63, బ్యాకుగా 56.

మాకు వింత తోచినది. అదే పిల్లవాడు, అవే కాళ్లు. నిలుచు చోటు మారగానే విలువ యేల మారవలెను? మా వాడు వివరించెను. ఒక్కొక్క చోటునకు ఒక్కొక్క నేర్పు ముఖ్యము. వింగరునకు వేగము, బంతిని నడపుకొనిపోవుట ఎక్కువగా లెక్కకు వచ్చును. బ్యాకునకు అడ్డగించుట, కనిపెట్టియుండుట ఎక్కువగా లెక్కకు వచ్చును. చోటు మార్చదలచిన క్రొత్త చోటునకు తగిన శిక్షణలో పెట్టవలెను. దానికి కొన్ని వారములు పట్టును. మొదట విలువ తగ్గును. పిదప పెరిగినను పెరుగవచ్చును. ఫిఫా అను పేర వచ్చుచుండిన ఆటలో ఈ యేర్పాటు 2020లో వెలువడిన కూర్పునుండి కలదు. ఆ ఆటయే 2023 నుండి ఇ.ఎ. స్పోర్ట్స్ ఎఫ్.సి. అను పేర వచ్చుచున్నది.

పరీక్షలో వచ్చిన మార్కును బిడ్డ నొసటి వ్రాతగా నెంచు తల్లిదండ్రులమైన మనము ఈ పట్టికను ఒక్కమారు చూడదగును. ఆ సంఖ్యలో సగము వానిది. సగము వానిని నిలిపిన చోటిది.

ఈ యాలోచన మాకు ఆ దినమున రాలేదు. ఆ దినమున మేము చేట క్రింద పెట్టకయే తీర్పు చెప్పితిమి: "జట్టునకు ఏది అక్కరయో అది చేయవలెను. వెనుక మనిషి లేనప్పుడు వానిని వెనుకకు మార్చుము. క్రొత్తవాడే గదా, ఎక్కడ నిలిపిన అక్కడ నేర్చుకొనును. ఇందులో అడుగవలసిన దేమున్నది?"

మా వాడు కొంతసేపు ఊరకుండి, "వీడు బొమ్మ కాబట్టి సరిపోయింది. అక్క మాదిరి రాత్రిపూట ఏడవడు" అనెను.

మా చేతిలోని చేట ఆగిపోయినది. "అక్క యేడ్చుచున్నదా? నీకెట్లు తెలియును?" అని అడిగితిమి. "ఒకే గదిలో పండుకుంటాం గదమ్మా" అనెను.

సోదరీమణులారా, సంగతి యిది. మా పిల్లకు పదవ తరగతిలో గణితమున మంచి మార్కులు వచ్చినవి. తండ్రి గణిత పంతులు. ఇక ఆలోచించుటకేమున్నది? లెక్కలు వచ్చిన పిల్ల యని ఎం.పి.సి.లో చేర్చితిమి. అది జీవశాస్త్రము చదువుదునని ఒకటి రెండు మార్లు అనియుండెను. మేము వినినాము గాని చెవిని పెట్టలేదు. "లెక్కలు రానివారు కదా బై.పి.సి. తీసికొందురు, నీకేమి ఖర్మము?" అని కూడ మేమే అంటిమి. ఈ మాట వ్రాయుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది. ఆ మాటయు తప్పే, అనిన తీరును తప్పే.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. చిన్ననాడు మా నాయన అరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన విరాటపర్వము జ్ఞప్తికి వచ్చినది. క్రొత్తవానికి చోటు మార్చిన కథ మన భారతమున అంతకంటె గొప్పది లేదు. కౌరవులు గోవులను పట్టగా విరటుని కొడుకు ఉత్తరుడు అంతఃపురమున ఆడువారి నడుమ బీరములు పలికెను. తగిన సారథి యొక్కడుండిన చాలు, శత్రువుల నందరిని గెలిచి వత్తుననెను. బృహన్నలను సారథిగా చేసికొని బయలుదేరెను. తీరా సముద్రమువలెనున్న కురుసేనను చూచినంతనే రథము దిగి పారిపోయెను. బృహన్నల వెంటబడి పట్టుకొనెను. పట్టుకొని ఏమి చేసెను? తిట్టి ఇంటికి పంపలేదు. బలవంతముగా విల్లు చేతికీయలేదు. "నీవు పగ్గములు పట్టుము, యుద్ధము నేను చేసెద" ననెను. వీరుడుగా రథమెక్కినవాడు సారథియయ్యెను, సారథి వీరుడయ్యెను. ఆవులు మరలినవి.

ఈ కథ మేమెన్ని మార్లు చదివితిమో లెక్క లేదు. అయినను ఆ రాత్రి చూచినట్లు ముందెన్నడును చూడలేదు. అర్జునుడు నాలుగు పనులు చేసెను. మొదటిది, మార్చుటకు ముందు వాడు మొదటి చోట నిలువలేడని కన్నులార చూచెను; ఊహించి చేయలేదు. రెండవది, క్రొత్త పని తక్కువ పని కాదు; ఆ రథము నడువనిదే ఆ గెలుపు లేదు. మూడవది, ఏల మార్చుచున్నాడో చెప్పెను. జమ్మిచెట్టుపై దాచిన ఆయుధములను వానిచేతనే దింపించి, తానెవడో, ఆ విండ్లు ఎవరెవరివో తెలిపి ధైర్యము కలిగించెను. నాలుగవది, మార్చి విడిచిపోలేదు. అదే రథముపై వానితో నిలిచెను.

మరియొక చోటుమార్పు కర్ణపర్వమున కలదు. శల్యుడు రథము నడపుటలో శ్రీకృష్ణునకు సాటి యనబడినవాడు. కర్ణునకు తగిన సారథి కావలెనని దుర్యోధనుడు ఆ రాజును బ్రతిమాలి నొగలపై కూర్చుండబెట్టెను. నేర్పు చూడగా అంతకంటె తగిన మార్పు లేదు. కాని శల్యునకది అవమానముగా తోచినది; తన నోటికి వచ్చినట్లు మాటలాడుదునను నియమముమీదనే ఒప్పుకొనెను. ఇక దారి పొడుగునను కర్ణుని దెప్పుచునే రథము తోలెను. చేతులు పగ్గములమీద నున్నవి గాని మనసు లేదు. నేర్పు సరిపడి మనసు సరిపడని మార్పు ఇట్లుండును. మా పిల్లకు లెక్కల నేర్పు కలదు. దానిని మేము ఉత్తరుని చేసితిమా, శల్యుని చేసితిమా?

మరునాడు మా యింటివారితో ఈ మాట చెప్పగా వారు కొంతసేపు మౌనముగా నుండి, ఆటల సంగతులు తెలిసినవారు గనుక, మూడు నిజమైన కథలు చెప్పిరి. మూడును మన తెలుగువారికి దగ్గరివే, మీరును వినదగినవి.

మొదటిది సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి కథ. వీరు హైదరాబాదున బడులలో ఉపాధ్యాయులుగా నుండినవారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టునకు శిక్షకులు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. భారతజట్టునకును వీరే గురువు; 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను మన జట్టు ఏషియా క్రీడలలో స్వర్ణపతకము పొందినది వీరి చేతిక్రిందనే. జకార్తాలో జర్నైల్ సింగు అను గొప్ప బ్యాకునకు థాయిలాండుతో ఆడునప్పుడు తల పగిలి కుట్లు పడెను. తరువాతి ఆటలో వానిని ఆడింపలేదు. ఆ పిదప రహీమ్ గారు వానిని వెనుకనుండి తీసి ముందువరుస నడుమ నిలిపిరి. వెనుక కాచుటయే పనిగా గలవాడు దక్షిణ వియత్నాముపై గోలు కొట్టెను. 1962 సెప్టెంబరు 4వ తేదీ తుదియాటలో దక్షిణ కొరియాపైనను గోలు కొట్టెను. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. మన జట్టు 2–1 తో గెలిచెను. మరుసటి యేడు 1963 జూనులో రహీమ్ గారు పుపుసముల పుట్టకురుపుతో మరణించిరి. వారి జీవితము ఆధారముగా 2024లో హిందీలో 'మైదాన్' అను చలనచిత్రము వచ్చినది.

రెండవది వి.వి.ఎస్. లక్ష్మణ్ గారి కథ. ఆట క్రికెట్టు; సంగతి అదే. ఈయన నడిమి వరుసలో ఆడుటకు తగినవారు. అక్కడ ఖాళీ లేక, మొదట దిగి ఆడు పనికి పెట్టిరి. క్రొత్తబంతి నెదుర్కొను ఆ పని వేరు. కొన్నేండ్లు ఆడిరి, 2000 జనవరిలో సిడ్నీలో ఆ చోటనుండియే 167 పరుగులు చేసిరి. అంత చేసిన పిదప కూడ ఇది తన చోటు కాదని తెలిసికొని, ఇక మొదట దిగనని నిశ్చయించుకొనిరి. జట్టులో చోటు పోవునని తెలిసియు చేసిన నిశ్చయమిది. 1999–2000 రంజీ పోటీలలో 1,415 పరుగులు చేసిరి. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై మొదటి విడత ఆరవవాడుగా దిగి 59 పరుగులు చేయగా, రెండవ విడత వారిని మూడవ చోటునకు మార్చి, ద్రావిడ్ గారిని ఆరవ చోటునకు పంపిరి. లక్ష్మణ్ గారు 281, ద్రావిడ్ గారు 180. ఇద్దరును కలిసి 376. ఓడిపోవలసిన ఆటను మన జట్టు 171 పరుగులతో గెలిచెను. ఒకే మనిషి, ఒక చోటుమార్పు బరువైనది, మరియొకటి వరమైనది.

మూడవది మన కడప జిల్లా బిడ్డ నల్లపురెడ్డి శ్రీచరణి కథ. ఈమె చిన్ననాడు పరుగుపందెములు, ఖోఖో, బ్యాడ్మింటను ఆడినది. క్రికెట్టును గట్టిగా పట్టినది పదునారవ యేటి ప్రాంతముననే. అప్పుడును మొదట వేగముగా బంతి వేయునదై, పిదప ఎడమచేతి స్పిన్నునకు మారినది. 2025 ఏప్రిలులో భారతజట్టున చేరినది. ఆ యేడు నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను ఓడించి మన ఆడపడుచులు మొదటిమారు ప్రపంచకప్పు గెలిచినప్పుడు, ఆ పోటీలన్నిటిలో కలిపి ఈమె 14 వికెట్లు తీసినది. పదునారేండ్లకు చోటు మారినచో ఆలస్యమైపోయెనని అనుకొను తల్లులకు ఈ బిడ్డయే జవాబు.

ఈ కథలు వినిన పిమ్మట మాకొక సంగతి స్పష్టమయ్యెను. మార్చుట మంచిదా, మార్చకుండుట మంచిదా యను ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అడుగవలసిన ప్రశ్నలు వేరు.

ఆ వారమే మా యమ్మ మమ్ము చూడ వచ్చినది. మా పుట్టినింటివారిది కడప జిల్లాలో వానను నమ్ముకొనిన సేద్యము; ఎర్రచెక్క కొంత, నల్లరేగడి కొంత. సంగతంతయు విని ఆమె, "విత్తనమూ మంచిదే, నేలా మంచిదే. అయితే ఒకదానికొకటి కావాల గదమ్మా. ఎర్రనేలలో శెనిక్కాయలు వేస్తాం, రేగట్లో పప్పుశెనగ వేస్తాం. ఏ చేనుకు ఏది అని చేను చూసి వేస్తాం గానీ, పక్కోళ్ల చేను చూసి వేస్తామా?" అనెను. బడి మొగము చూడని మా యమ్మ చెప్పిన ఈ మాట, మేము చదివిన పర్వములలో వెదకికొనిన దానికి తక్కువది కాదు.

మరియు మన యూళ్ల నడుమ పారు కర్నూలు–కడప కాలువను చూడుడు. 1863లో ఒక కంపెనీవారు సుంకేసులకడ తుంగభద్రనుండి దానిని త్రవ్వ మొదలిడినప్పుడు, పొలములకు నీరిచ్చుటయే గాక పడవలు నడపుటయు వారి యుద్దేశము. ఆదాయము రాక కంపెనీ దెబ్బతినెను. 1882లో ప్రభుత్వమువారు కొనిరి. పడవలు కాలక్రమమున పోయినవి. నీరు పారుటయే నిలిచినది. రెండు పనులకు పుట్టినది ఒక పనిలో కుదురుకొనెను. దానిని చూచి కాలువ చెడిపోయెనని ఏ రైతును అనడు.

అంతట ఒక సాయంకాలము పిల్లను మిద్దెమీదికి పిలిచికొనిపోయి అడిగితిమి. ముందే అడుగవలసిన మాట. "నీకేమి చదువవలెనని యున్నది?" అది మొదట ఏమియు లేదనెను. మీ తమ్ముడు చెప్పినాడంటిమి. అప్పుడు ఏడ్చినది. ఏడ్చిన పిదప చెప్పినది: "నాకు లెక్కలంటే కోపం లేదమ్మా. వస్తాయి, చేస్తాను. అయితే అవ్వావాళ్ల చేనులో ఎండిపోయిన చెట్టును చూస్తే అది ఎందుకు ఎండిందో తెలుసుకోవాలనిపిస్తుంది. నేను వ్యవసాయం చదువుతా. మహానందిలో కాలేజీ ఉంది గదా."

మహానందిలో వ్యవసాయ కళాశాల యున్నదని మాకును తెలియును. నంద్యాలలో 1906 నుండి వ్యవసాయ పరిశోధన స్థానమున్నదనియు తెలియును. దేవుని దర్శనమునకు ఎన్ని మార్లో ఆ దారిన పోయితిమి. మన బిడ్డ ఆ వాకిట దిగవచ్చునని మాత్రము మాకు తోచలేదు.

ఇక మార్చుట సులభమా? కాదు. కళాశాలవారు గుంపు మార్చుకొనుటకు పది దినములే గడువున్నదనిరి. ఆరు వారముల పాఠములు దాటిపోయినవి. కొన్న పుస్తకములలో సగము పనికిరావు. చేరినప్పటి స్నేహితురాండ్రు వేరగుదురు. అన్నిటికంటె కష్టమైనది మరియొకటి: మా యింటివారు తమ బిడ్డకు తామే గణితము చెప్పవలెనని ఎన్నాళ్లుగానో ఆశపడియుండిరి. వారు ఒక్క మాటయు అనలేదు. ఆ రాత్రి సంగటి ముద్ద సగము విడిచి లేచిరి, అంతే.

మరునాడు వారే ఒక ఉపాయము చెప్పిరి. "మీట నొక్కినట్లు మార్చవద్దు. కళాశాలవారి నడిగి వారము దినములు ఆ తరగతిలో కూర్చుండనిమ్ము. చూచిన పిదప అదే చెప్పును." అట్లే చేసితిమి. మొదటి రెండు దినములు పిల్ల దిగులుగా వచ్చినది. అక్కడివారికి తెలిసిన పేర్లు దీనికి తెలియవు. జంతుశాస్త్రమున ఒకటి రెండు పాఠములు అసలే రుచింపలేదట. ఆ సంగతి మా వద్ద దాచలేదు. ఏడవ దినమున వచ్చి, "కష్టంగానే ఉంది. అయినా అక్కడే ఉంటా" అనెను. గడువు రెండు దినములుండగా మార్చితిమి. ఆ సాయంకాలము మా యింటివారు బడినుండి వచ్చుచు వృక్షశాస్త్రపు బొమ్మలు గీయుటకు తెల్లకాగితముల పుస్తకమును, మంచి పెన్సిళ్లను కొని తెచ్చి దాని బల్లపై పెట్టిరి. పిల్ల వానిని చూచి తండ్రి మొగము చూచినది. వారు, "భౌతికశాస్త్రములోని లెక్కలకు నావద్దకే రావలెను సుమా" అనిరి.

దీని ఫలమేమగునో మేము చెప్పలేము. ముందు ప్రవేశపరీక్ష యున్నది. సీటు వచ్చునో రాదో. కాని ఇప్పుడు రాత్రిపూట ఆ గదిలో ఏడ్పు లేదని చిన్నవాడు చెప్పుచున్నాడు. ఈ మాసమునకు మాకది చాలును.

చిన్నవాని క్రొత్తవాడేమయ్యెనని మీరడుగవచ్చును. మేము వానికి ఉత్తరుడని పేరు పెట్టితిమి. మా యింట అదే పేరు నిలిచినది. అక్కకు చేసినట్లే వానికిని చేయుదునని మా వాడు, గెలుపోటముల లెక్క లేని మూడాటలలో ఉత్తరుని వెనుక నిలిపి చూచెను. మూడవ యాటలో వాని ప్రక్కనుండియే మూడు గోలులు పడినవి! బంతి కనబడగానే ముందునకు ఉరికి, వెనుక వాకిలి తెరచి విడుచునట. మా వాడు ఆలోచించి వానిని వింగరుగానే యుంచి, గోలు కొట్టు నేర్పునకు శిక్షణలో పెట్టెను. నడుమ ఆడుచుండిన పెద్దవయసువాని నొకనిని, పరుగు తగ్గినను కనిపెట్టియుండు గుణము గలవాడని చూచి, వెనుకకు మార్చెను. ఆ మార్పు బాగుగా కుదిరినదట. ఒకే యింట ఒకే నెలలో ఒకరిని మార్చితిమి, ఒకరిని మార్చలేదు. రెండును సరియేయని తోచుచున్నది. ఏలననగా రెండింటను ముందు చూచితిమి, పిదప చేసితిమి.

సోదరీమణులారా, చోటు మారుట మనకు క్రొత్త గాదు. మనలో చాలమందికి ఒక్క ముహూర్తముతో ఊరు మారినది, ఇంటిపేరు మారినది, వంటింటి పొయ్యి మారినది. అరుగుమీద భారతము చదువుకొనిన పిల్లలము మరుసటి నెలకు అత్తవారింట పిండివంటల పరీక్షకు నిలిచితిమి. ఎవరును మనలను వారము దినములు కూర్చుండి చూడుమనలేదు. కొందరము కుదురుకొంటిమి, కొందరము పగ్గములు పట్టియు మనసు పెట్టలేక యేండ్లు గడపితిమి. ఆ యనుభవము గలవారమే బిడ్డల యెడ అదే తొందర చూపుట న్యాయమా?

కనుక మేము నేర్చుకొనినది చెప్పి ముగింతుము. ఇంట గాని బడిలో గాని ఆటలో గాని, క్రొత్తవానికి చోటు మార్చదలచినప్పుడు అయిదు ప్రశ్నలు వేసికొనుడు. ఈ మార్పు బిడ్డ కొరకా, మన ఖాళీ నింపుకొనుట కొరకా? ఇప్పటి చోట దానికి తగినంత కాలమిచ్చి చూచితిమా? క్రొత్త చోటునకు కావలసిన గుణము దానిలో నున్నట్లు మన కన్నులకు కనబడినదా, ఎవరో చెప్పిరా? మొదట విలువ తగ్గునప్పుడు ఓర్చుకొనగలమా, అప్పుడే దెప్పుదుమా? కడపటిది, అన్నిటికంటె మొదట అడుగవలసినది: దానిని అడిగితిమా?

వీడియో ఆటలోని బొమ్మను అడుగనక్కరలేదు, అది పలుకదు. మన యింట తిరుగు బిడ్డ పలుకగలదు. రాత్రిపూట దిండునకు చెప్పుకొను మాటను పగలు మనతో చెప్పునట్లు చేయుటయే మన పని.

మీ యిండ్లలో ఇట్టి చోటుమార్పులు కుదిరినవి గాని కుదరనివి గాని యున్నచో మాకు వ్రాయుడు. కుదరనివి మరింత ఆదరముతో చదువుదుము. వచ్చు మాసమున చిరుధాన్యములను పురుగు పట్టకుండ నిలువచేయు విధమును గూర్చి ముచ్చటింతుము.